ఐర్లాండ్ పురావస్తు చరిత్ర మొదటి నుంచి ఎవరైనా చెప్తారా? (రాతియుగం నుంచి నిన్నమొన్నటి దాకా)

కొత్తగా_డబ్లిన్
అందరికీ నమస్తే. మేం డబ్లిన్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. వారాంతాల్లో కారు తీసుకుని ఎటు వెళ్లినా పొలాల మధ్య గుండ్రటి దిబ్బలు, నిలువు రాళ్లు, కప్పు లేని చర్చిలు, గోధుమరంగు బోర్డులు. ఒకరు కెల్టిక్ అంటారు, ఒకరు వైకింగ్ అంటారు, ఇంకొకరు ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతది అంటారు. ఏది ముందో ఏది వెనకో నాకు వరస దొరకట్లేదు. తెలిసినవాళ్లు మొదటి నుంచి చెప్పండి ప్లీజ్. పొడుగైనా పర్లేదు, చదువుతా.

బోయిన్_లోయ
ముందు "కెల్టిక్" అనే మాటని కాసేపు పక్కన పెట్టండి. సగం గందరగోళం అక్కడే ఉంది. షాపుల్లో కెల్టిక్ గుర్తు అని అమ్మే మూడు సుడులూ డబ్లిన్‌కి ఉత్తరాన బోయిన్ నది లోయలో ఉన్న న్యూగ్రేంజ్ సమాధి లోపలి రాయి మీద ఉన్నాయి. ఆ రాయి చెక్కినప్పటికి ఇక్కడ ఐరిష్ లాంటి కెల్టిక్ భాషలు ఉన్నాయంటే చాలామంది పరిశోధకులు ఒప్పుకోరు.

ఇక వరస. మనుషులు ఐర్లాండ్‌కి చాలా ఆలస్యంగా వచ్చారు. మంచు పలకలు కరిగాక కూడా చాలాకాలం ఆనవాళ్లు దొరకలేదు. 1970ల్లో పీటర్ వుడ్‌మన్ ఉత్తరాన కోల్‌రెయిన్ దగ్గర బాన్ నది ఒడ్డున మౌంట్ శాండెల్ తవ్వినప్పుడు, క్రీ.పూ. 7700 ప్రాంతంలో జనం కట్టుకున్న గుండ్రటి గుడిసెల గుంజ గుంతలు బయటపడ్డాయి. ఒక్కోటి సుమారు ఆరు మీటర్ల వెడల్పు. వాళ్లు తిన్నవి సాల్మన్, ఈల్ చేపలు, అడవిపంది, హేజెల్ గింజలు. అప్పట్లో ఇక్కడ ఎర్ర జింకలు లేవు. బ్రిటన్‌లో, యూరప్‌లో అదే కాలం వాళ్ల వేటంతా జింకల మీద నడిచింది. ఇక్కడివాళ్లు నదినీ సముద్రాన్నీ నమ్ముకున్నారు.

చాలా ఏళ్లు "ఐర్లాండ్ చరిత్ర మౌంట్ శాండెల్‌తో మొదలు" అని చెప్పేవారు. తర్వాత ఒక ఎలుగుబంటి మోకాలిచిప్ప ఆ మాట మార్చేసింది. క్లేర్ కౌంటీలో ఆలిస్ అండ్ గ్వెండొలిన్ గుహలో 1903లో తవ్విన ఎముకల్లో అదొకటి. దశాబ్దాల పాటు నేషనల్ మ్యూజియంలో పెట్టెలో ఉండిపోయింది. దాని మీద రాతి పనిముట్టుతో కోసిన గీతలున్నాయని గుర్తించి, రేడియోకార్బన్ పరీక్ష (ఒకప్పుడు ప్రాణమున్న వాటి వయసు తేల్చేది) చేయించి, 12,500 ఏళ్ల నాటిదని మేరియన్ డౌడ్, రూత్ కార్డెన్ 2016లో ప్రకటించారు. అంటే మనిషి ఉనికి సుమారు 2,500 ఏళ్లు వెనక్కి జరిగింది. 2021లో ఇంకో వార్త వచ్చింది. కార్క్‌లోని కాసిల్‌పుక్ గుహలో దొరికిన రెయిన్‌డీర్ ఎముక మీదా కోత గీతలున్నాయట, వయసు 33,000 ఏళ్లట. ఒక్క ఎముక మీద అంత దూరం వెళ్లొచ్చా అనేది ఇంకా నలుగుతూనే ఉంది.

వ్యవసాయం క్రీ.పూ. 4000 తర్వాత వచ్చింది. ఆవులు, గొర్రెలు, గోధుమ, బార్లీ... ఇవేవీ ఈ దీవిలో సహజంగా లేవు, పడవల్లో తెచ్చుకున్నవే. రాతి సమాధులు మొదలైంది ఆ రైతుల కాలంలోనే.

పలుగు_పార
బోయిన్ గారు వ్యవసాయం దాకా వచ్చారు కాబట్టి నేను మేయో కౌంటీలో దిగుతా. (నేను ఇక్కడ కాంట్రాక్టు తవ్వకాల్లో పనిచేస్తాను. తొంభై శాతం పని వానలో బురద గీకడమే. ఎవరూ ఆశపడకండి.)

కేజా ఫీల్డ్స్ అని ఒక చోటుంది, అట్లాంటిక్ అంచున. అక్కడ బాగ్ తవ్వుతారు. అంటే నాచు, మొక్కలు కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకున్న చిత్తడి నేల. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో కాలుస్తారు. 1930ల్లో పాట్రిక్ కాల్‌ఫీల్డ్ అనే బడి మాస్టారు, బాగ్ అడుగున రాళ్లు వరసగా పేర్చినట్టు ఉన్నాయని గమనించారు. ఆయన కొడుకు షేమస్ పెద్దయ్యాక పురావస్తు శాస్త్రవేత్త అయి, దశాబ్దాలు ఆ గోడల వెంటే నడిచాడు. పెద్ద తవ్వకాలేం అక్కర్లేదు. పొడవాటి ఇనుప చువ్వ బాగ్‌లోకి దించుతారు, ఏ లోతులో రాయి తగిలిందో చూసి కర్ర పాతుతారు. అలా కిలోమీటర్ల కొద్దీ పొలం గట్లు మ్యాపు మీదికి వచ్చాయి.

క్రీ.పూ. 3700 నాటి పొలాలని బోర్డు మీద ఉంటుంది. ఆ తేదీ మీద ఈమధ్య గట్టి వాదన నడుస్తోంది. ఆ గోడలు తర్వాత వచ్చిన కంచుయుగానివై ఉండొచ్చని కొందరి లెక్క. రాతి గోడకి నేరుగా రేడియోకార్బన్ పరీక్ష చేయలేం కదా, దాని చుట్టూ ఉన్న మట్టి, బొగ్గు మీద ఆధారపడాలి. గొడవంతా అక్కడే.

రాళ్లపిచ్చి
న్యూగ్రేంజ్ గురించి ఎవరూ ఎత్తకముందే నేను ఎత్తుతా. ముందున్న ఆ తెల్లటి క్వార్ట్జ్ రాతి గోడ చూసి అందరూ అయిదు వేల ఏళ్ల గోడ అని ఫొటోలు దిగుతారు. అది 1970ల్లో కట్టింది! వెనక కాంక్రీటు ఉంది. ఇలాంటిది ఇండియాలో చేస్తే పేపర్లన్నీ చెడుగుడు ఆడేవి.

బోయిన్_లోయ
@రాళ్లపిచ్చి కోపం సగం న్యాయమే, కానీ మిగతా సగం కూడా చెప్పాలి.

మైఖేల్ ఓకెల్లీ 1962 నుంచి 1975 దాకా అక్కడ తవ్వారు. అప్పటికి అది చెట్లు మొలిచిన పెద్ద మట్టిదిబ్బ. అడ్డంగా దాదాపు 85 మీటర్లు, చుట్టూ 97 అంచు రాళ్లు. వాటి ముందు క్వార్ట్జ్ ముక్కలు జారిపడిన పొర దొరికింది. తెల్ల రాళ్లు దక్షిణాన విక్లో నుంచి, మధ్యమధ్యలో నున్నటి గ్రానైట్ గుండ్లు ఉత్తరాది నుంచి తెచ్చినవి. ఇవన్నీ నిలువు గోడ కూలితే పడే తీరులో పడ్డాయని ఆయన లెక్కగట్టి, కూలిన రాళ్లనే తిరిగి పేర్పించారు. చాలామంది ఒప్పుకోలేదు. ఆ రాళ్లు గోడ కాదు, గుమ్మం ముందు నేల మీద పరిచినవి అని వాళ్ల వాదన. పక్కనే ఉన్న ఇంకో సమాధి దిబ్బ నౌత్ దగ్గర జార్జ్ ఓగన్ సరిగ్గా అదే పని చేశారు, క్వార్ట్జ్‌ని నేల మీదే ఉంచారు. రెండూ ఒకే రోజు చూడండి. ఒకే రకం ఆధారం నుంచి ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా ఎలా వెళ్లారో కళ్లకు కనిపిస్తుంది. నాకైతే న్యూగ్రేంజ్ గోడ మరీ నిటారుగా అనిపిస్తుంది.

లోపలి సమాధి మాత్రం అసలుదే. క్రీ.పూ. 3200 నాటిది, గీజా పిరమిడ్ కన్నా ఆరేడు వందల ఏళ్లు పాతది. 19 మీటర్ల సన్నటి దారి, చివర ఒకదాని మీద ఒకటి రాళ్లు ముందుకు జరుపుతూ మూసిన ఆరు మీటర్ల ఎత్తు కప్పు. సున్నం లేదు, సిమెంటు లేదు, ఇంతవరకు కారలేదు. గుమ్మం పైన ఒక చిన్న కిటికీ లాంటి సందు ఉంది. డిసెంబర్ 21 చుట్టూ కొన్ని ఉదయాలు సూర్యుడు లేచిన కాసేపటికి ఆ సందులోంచి వెలుగు లోపలి గది దాకా వచ్చి, పదిహేడు నిమిషాలు ఉండి పోతుంది. గుమ్మంలోంచి కాదు, ఆ సందులోంచే. ఎందుకంటే దారి లోపలికి ఎత్తుగా వెళ్తుంది. ఊళ్లో వాళ్లు ఏదో వెలుగు వస్తుందని ముందు నుంచీ చెప్పుకునేవారు. ఓకెల్లీ 1967లో లోపల కూర్చుని కళ్లారా చూశారు. ఇప్పుడు ఆ ఉదయాలకి లాటరీ.

కొత్తగా_డబ్లిన్
అయ్య బాబోయ్. అక్కడ ఫారో లాంటి రాజు ఉండేవాడని, అక్కాతమ్ముళ్ల పెళ్లి అని ఎక్కడో చదివా. అది నిజమేనా?

పాలమూరు_పిల్లోడు
అది 2020 నాటి డీఎన్ఏ పేపర్ బ్రో. ట్రినిటీ కాలేజీ నుంచి లారా కాసిడీ, డాన్ బ్రాడ్లీ బృందం చేసింది. న్యూగ్రేంజ్ గదిలో దొరికిన పుర్రె ముక్కని పరీక్షిస్తే, ఆ మనిషి తల్లిదండ్రులు తోబుట్టువులో, లేక తల్లీకొడుకులో తండ్రీకూతుళ్లో అయ్యుండాలని తేలింది. ఆ సంబంధాన్ని ఒప్పుకునేది దేవుడితో సమానమైన రాజవంశంలోనే అని వాళ్లు ఊహించారు. పక్కనున్న డౌత్ దిబ్బ గురించి మధ్యయుగంలో రాసిపెట్టిన కథలో కూడా ఒక రాజూ, చెల్లెలూ, ఆగిన సూర్యుడూ ఉంటారు. దాంతో పత్రికలకి పండగే.

2025లో జెస్సికా స్మిత్ బృందం దీన్ని గట్టిగా ఎదురు ప్రశ్నించింది. ఒక్క ముక్క, ఒక్క మనిషి. మిగతా సమాధుల్లో ఇలాంటి సంబంధం కనపడలేదు. పైగా ఆ ముక్క అక్కడికి ఎలా చేరిందో కూడా స్పష్టంగా లేదు. ఒక్క ఎముకతో రాజవంశం నిలబెట్టొద్దు అంటారు వాళ్లు. నేను వాళ్ల వైపే.

కానీ డీఎన్ఏతో బాగా నిలిచిన విషయం ఒకటుంది. బెల్‌ఫాస్ట్ దగ్గర బాలినహాటీలో దొరికిన రాతియుగపు రైతు స్త్రీ పూర్వీకులు పశ్చిమాసియా నుంచి యూరప్‌కి వ్యవసాయం తెచ్చిన వాళ్ల సంతతి. రాత్లిన్ దీవిలో దొరికిన కంచుయుగపు మగవాళ్లలో నల్లసముద్రం పైనున్న గడ్డిమైదానాల రక్తం గట్టిగా ఉంది. మధ్యలో జనమే చాలావరకు మారారన్నమాట.

పలుగు_పార
కంచుయుగం వచ్చింది కాబట్టి నా ఫేవరెట్ గొడవ: ఫులాక్త్ ఫియా. గుర్రపు నాడా ఆకారంలో కాలి పగిలిన రాళ్ల కుప్ప, పక్కన నీళ్ల తొట్టి. దేశమంతా వేల సంఖ్యలో ఉన్నాయి. కొత్త రోడ్డు వేసే ప్రతిచోటా మాకు కనీసం ఒకటి తగులుతుంది. రాళ్లు ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే నీళ్లు మరుగుతాయి, ఇంతవరకు అందరికీ ఒప్పుదలే. ఎందుకు మరిగించారు అన్నదే తగాదా. ఓకెల్లీ 1950ల్లో మాంసాన్ని గడ్డిలో చుట్టి ఉడికించి చూపించారు, బాగానే ఉడికింది. స్నానానికి అంటారు కొందరు, తోళ్లకి అంటారు కొందరు. 2007లో గాల్వేలో ఇద్దరు పురావస్తు శాస్త్రవేత్తలు తొట్టిలో బీరు కాచి చూపించారు. ఐర్లాండ్ కదా, ఆ వార్తే ప్రపంచమంతా వెళ్లింది.

లోహం సంగతి రెండు ముక్కలు. కిల్లార్నీ సరస్సు ఒడ్డున రాస్ ఐలాండ్‌లో క్రీ.పూ. 2400 నాటికే రాగి తవ్వారు. బంగారం అయితే నెలవంక ఆకారపు మెడ ఆభరణాలు, లునులాలు అంటారు, యూరప్‌లో దొరికిన వాటిలో ఎక్కువభాగం ఈ దీవిలోనివే. డబ్లిన్ కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియంలో కింది హాలు నిండా ఉన్నాయి, టికెట్ అక్కర్లేదు. 1854లో క్లేర్‌లో రైలు మార్గం వేస్తుంటే కూలీలకి మూఘన్ దగ్గర పెద్ద బంగారు నిధి తగిలింది. చాలావరకు అమ్ముడుపోయి కరిగిపోయింది. మ్యూజియంలో మిగిలినవి చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

సుజాత_కార్క్
మేముండేది కార్క్ పల్లె వైపు. మా ఇంటి వెనక పొలంలో గుండ్రటి మట్టి కట్ట, దాని మీద ముళ్లచెట్లు. చుట్టూ అంతా దున్నుతారు, దాన్ని మాత్రం ముట్టరు. మా పక్కింటి రైతు పెద్దాయన "అది వాళ్లది" అన్నాడు. ఎవరిదండీ అంటే నవ్వి ఊరుకున్నాడు.

బోయిన్_లోయ
సుజాత గారూ, అది రింగ్‌ఫోర్ట్. ఫెయిరీ ఫోర్ట్ అని పిలుస్తారు, లోపల దేవకన్యల్లాంటి "వాళ్లు" ఉంటారని, ముళ్లచెట్టు నరికితే కీడని నమ్మకం. నిజానికి అవి క్రీ.శ. 500 నుంచి 1000 మధ్య బతికిన రైతు కుటుంబాల ఇళ్లు. కట్ట లోపల ఇల్లు, రాత్రిపూట పశువులు. అప్పటి చట్టాల్లో మనిషి హోదా ఆవుల లెక్కన కొలిచేవారు. దేశంలో సుమారు 45,000 దాకా గుర్తించారు. ఇన్ని మిగిలాయంటే పురావస్తు శాఖ కన్నా ఆ భయానికే ఎక్కువ దండం పెట్టాలి. ఇరవయ్యో శతాబ్దం చివర్లో పెద్ద ట్రాక్టర్లు, ప్రభుత్వ సబ్సిడీలు వచ్చాక చాలా పోయాయి.

వరసలో ఇనుపయుగం దాటేశాం, వెనక్కి వస్తా. రోమన్లు ఐర్లాండ్‌ని గెలవలేదు, కాబట్టి ఇక్కడ రోమన్ రోడ్లు వెతకొద్దు. కానీ లాంగ్‌ఫర్డ్‌లో కార్లియా దగ్గర బాగ్ మీద ఓక్ పలకలతో వేసిన బాట ఉంది. చెట్టు వలయాలు లెక్కపెడితే ఆ చెట్లు నరికింది క్రీ.పూ. 148లో అని తేలింది. ఏ శతాబ్దమో కాదు, సంవత్సరమే తెలిసింది! బండ్లు వెళ్లేంత వెడల్పు. బరువుకి పదేళ్లలోపే బాగ్‌లోకి దిగబడిపోయింది. బహుశా ఎవరూ పెద్దగా వాడలేదు. ఉత్తరాన నావన్ ఫోర్ట్‌లో 40 మీటర్ల వెడల్పు చెక్క కట్టడం కట్టి, లోపలంతా రాళ్లు నింపి, తగలబెట్టి, మట్టి కప్పేశారు. దాని నడి స్తంభం చెట్టు క్రీ.పూ. 95 ప్రాంతంలో నరికింది. ఇంకో దశలో అక్కడ దొరికిన పుర్రె ఒకటి ఉత్తర ఆఫ్రికా కోతిది. అంత దూరం నుంచి ఒక కోతి!

బాగ్‌లో మనుషులు కూడా దొరికారు. 2003లో కొన్ని నెలల తేడాతో ఇద్దరు: మీత్‌లో క్లోనీకావన్ మనిషి, ఆఫలీలో ఓల్డ్ క్రోఘన్ మనిషి. చర్మం, వెంట్రుకలు, గోళ్లు అన్నీ నిలిచి ఉన్నాయి. మొదటివాడు జుట్టుకి పూసుకున్న చెట్టు బంక ఫ్రాన్స్ నైరుతి నుంచో స్పెయిన్ నుంచో వచ్చింది. రెండోవాడు ఆరున్నర అడుగులు, చేతులకి చిల్లులు చేసి కొమ్మలు గుచ్చారు. ఇద్దరినీ చిత్రహింస పెట్టి చంపారు. పాత రాజ్యాల సరిహద్దుల్లో దొరికారు కాబట్టి విఫలమైన రాజుల బలి అని మ్యూజియం నుంచి ఈమన్ కెల్లీ సిద్ధాంతం చేశారు. ఆకట్టుకునే సిద్ధాంతం. ఋజువు మాత్రం కష్టం.

కొత్తగా_డబ్లిన్
ఇంత బంగారం, ఇన్ని నిధులా! మా బాబుకి పుట్టినరోజుకి మెటల్ డిటెక్టర్ కొందాం అనుకుంటున్నా 😀

మోడరేటర్
కొనొద్దండీ. ఐర్లాండ్‌లో అనుమతి లేకుండా డిటెక్టర్‌తో పురావస్తువులు వెతకడం నేరం. బొమ్మల షాపులో దొరుకుతుంది కాబట్టి సరే అనుకోకండి.

రాళ్లపిచ్చి
ఆ చట్టం వెనక కథ చెప్పకుండా వదలకండి. 1980 ఫిబ్రవరి, టిప్పరేరీలో డెరినాఫ్లాన్ అనే పాత క్రైస్తవ మఠం. వెబ్ అనే తండ్రీకొడుకులు డిటెక్టర్‌తో వెళ్లి 8, 9 శతాబ్దాల వెండి పాత్ర, పళ్లెం, జల్లెడ గరిటె తీశారు. ప్రభుత్వం ఇస్తానన్న 10,000 పౌండ్ల బహుమానం వద్దని కోర్టుకెళ్లారు. 1987లో సుప్రీంకోర్టు తేల్చింది: నేలలో దొరికిన ఇలాంటి వారసత్వ సంపద రాజ్యానిదే. అదే ఏడాది డిటెక్టర్ల మీద పట్టు బిగించారు, 1994లో చట్టం ఇంకా మార్చారు. ఇలాంటిదే ఆర్డా వెండి గిన్నె చూడండి, 1868లో రింగ్‌ఫోర్ట్‌లో బంగాళదుంపలు తవ్వుతున్న కుర్రాళ్లకి దొరికింది. దాన్ని చేసిన కాలమే మఠాల స్వర్ణయుగం. శిల్పాల శిలువలు, గుండ్రటి ఎత్తైన గోపురాలు, స్కెలిగ్ మైకేల్ కొండ మీద తేనెపట్టు ఆకారపు రాతి గదులు అన్నీ ఆ కోవలోవే.

పలుగు_పార
వైకింగ్స్ గురించి నేను చెప్తా, ఎందుకంటే మా ఉద్యోగాలన్నీ ఆ గొడవ నుంచి పుట్టినవే. స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వీళ్లు 795లో మఠాలు దోచుకోవడంతో మొదలుపెట్టారు, 841లో డబ్లిన్‌లో పాగా వేశారు. 1970ల్లో డబ్లిన్ కార్పొరేషన్ ఆఫీసుల కోసం వుడ్ కీ అనే చోట తవ్వితే, వైకింగ్ నగరంలో పెద్ద భాగం బయటపడింది. తడి మట్టి వల్ల తడికెల గోడలు, వాకిళ్లు, మరుగుదొడ్లు, చెక్క బొమ్మలు, చెప్పులు అలాగే ఉన్నాయి. ఇళ్ల హద్దులు తరాల తరబడి అంగుళం మారలేదు. 1978 సెప్టెంబర్‌లో ఇరవై వేల మంది వీధుల్లోకి వచ్చి ఆపమన్నారు. కోర్టు కూడా దాన్ని జాతీయ కట్టడం అంది. అయినా ఆఫీసులు లేచాయి. ఇప్పుడు అక్కడికి మీరు ఏదో బిల్లు కట్టడానికి వెళ్తారు.

కానీ ఆ ఓటమి తర్వాత ప్రభుత్వాలకి భయం పట్టింది. 1990ల నుంచి మోటర్‌వేలు వేసేటప్పుడు ముందే తవ్వడం మామూలైంది. 2003లో వాటర్‌ఫర్డ్ బైపాస్ కోసం చూస్తుంటే వుడ్స్‌టౌన్‌లో వైకింగ్ స్థావరం తగిలితే రోడ్డునే పక్కకి జరిపారు. ఎం3 మోటర్‌వే మాత్రం పాత రాజుల పీఠమైన తారా కొండ దగ్గర నుంచి వేసేశారు. లిస్మల్లిన్‌లో దొరికిన చెక్క వలయాన్ని తవ్వి, రికార్డు చేసి, పైన తారు పోశారు. ఆ రోడ్డు మీద వెళ్లిన ప్రతిసారీ నాకు రెండు మనసులు. రోడ్డు లేకపోతే అది దొరికేదే కాదు.

నార్మన్లు (1169 తర్వాత బ్రిటన్ నుంచి దండెత్తి వచ్చినవాళ్లు), కోటలు, ట్రిమ్ కాసిల్... ఇవి బోర్డుల మీద బాగానే రాసి ఉంటాయి, నేను వదిలేస్తున్నా.

రాళ్లపిచ్చి
వదిలేయడం మంచిదే. నా ఉద్దేశంలో పురావస్తు శాస్త్రం 1700కి ఆగాలి. ఆ తర్వాతదంతా కాగితాల్లో ఉంది, తవ్వడం ఎందుకు?

బోయిన్_లోయ
కాగితాల్లో ఉన్నదీ, లేనిదీ చూద్దాం. 2005లో కిల్కెన్నీలో పాత వర్క్‌హౌస్ (పేదలని ఉంచి పని చేయించే ఆశ్రమం) స్థలంలో షాపింగ్ సెంటర్ కట్టబోతే గుంతల నిండా ఎముకలు. బంగాళదుంప పంట పోయి వచ్చిన పెద్ద కరువు కాలంలో, 1847 నుంచి 1851 దాకా పాతిపెట్టిన వాళ్లు. కనీసం 970 మంది, సగానికి పైగా పిల్లలు. వర్క్‌హౌస్ రిజిస్టర్లు చావుల లెక్క చెప్తాయి. ఎముకలు చెప్పింది వేరు: బంగాళదుంప పోయాక సి విటమిన్ లేక స్కర్వీ ఎంత విస్తారంగా వచ్చిందో అవే చూపించాయి. ఇంకోటి. ఒక్కొక్కరినీ విడిగా పెట్టెలో పెట్టే పాతారు. గుంతలో పోసేశారన్న ఊహకి అది ఎదురు. ఏ కాగితమూ ఈ మాట చెప్పలేదు.

ఇంకా దగ్గరికి రండి. గాల్వే కౌంటీ టూమ్‌లో పెళ్లికాని తల్లుల హోమ్ ఉండేది, 1925 నుంచి 1961 దాకా. అక్కడ చనిపోయిన 796 మంది పిల్లల మరణ పత్రాలు సేకరించి, వాళ్లని ఎక్కడ పాతారో రికార్డు లేదని చూపించింది స్థానిక చరిత్రకారిణి కాథరిన్ కార్లెస్. తర్వాత పరీక్ష తవ్వకాల్లో నేల కింది గదుల్లో పసిపిల్లల ఎముకలు దొరికాయి. 2025 జులైలో పూర్తి తవ్వకం మొదలైంది. గీకే తాపీ అదే, జల్లెడ అదే, మట్టి పొర గీసే పద్ధతి అదే. కుటుంబాలు బయట ఎదురుచూస్తున్నాయి. 1700కి గీత గీస్తే వీళ్లకి ఎవరు జవాబు చెప్తారు?

రాళ్లపిచ్చి
టూమ్ సంగతి వేరు, అది న్యాయ విచారణ లాంటిది. మిగతా దాని మీద నా మాట నాదే.

పాలమూరు_పిల్లోడు
మనవాళ్లకి పనికొచ్చే ముక్క ఒకటి. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ సురపురం చుట్టుపక్కల రాతి సమాధులు తవ్వి, 1860ల్లో డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ సంపుటాల్లో వ్యాసాలు రాశాడు. రిటైరయ్యాక ఉన్నదీ డబ్లిన్‌లోనే. దక్కన్ రాళ్లూ, ఐర్లాండ్ రాళ్లూ ఒకే జాతి కట్టినవేమో అని ఆ కాలంలో అనుకునేవారు. ఇప్పటికీ వాట్సాప్‌లో ఆ ఫార్వర్డ్ తిరుగుతోంది, మా ముడుమాల్ నిలువురాళ్ల ఫొటో పెట్టి మరీ. మనవైపు రాతి సమాధుల్లో ఎక్కువభాగం ఇనుపయుగానివి, క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది. ఇక్కడి పెద్ద సమాధులు అంతకు రెండు వేల ఏళ్లకు పైగా ముందువి. సంబంధం లేదు.

కొత్తగా_డబ్లిన్
అందరికీ థాంక్స్, డిటెక్టర్ కార్ట్‌లోంచి తీసేశా. పిల్లాడితో ఒక్కరోజులో ఏవి చూడొచ్చు?

సుజాత_కార్క్
బోయిన్ వైపు వెళ్తే సొంతంగా సమాధి దగ్గరికి కారు తోలలేరు. నది అవతల విజిటర్ సెంటర్‌లో టికెట్, అక్కడి నుంచి వాళ్ల బస్సు. ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోండి, వేసవిలో అక్కడికి పోయి అడిగితే దొరకదు. న్యూగ్రేంజ్ దారి ఇరుకు, బగ్గీ (పిల్లల తోపుడు బండి) బయట వదలాలి.

పలుగు_పార
వాన పడితే కిల్డేర్ స్ట్రీట్ మ్యూజియం. బంగారం, బాగ్ మనుషులు, డెరినాఫ్లాన్, వైకింగ్ డబ్లిన్ అన్నీ ఒకే కప్పు కింద. బాగ్ మనుషులున్న చోటికి బాబుని తీసుకెళ్లే ముందు మీరొకసారి చూసి రండి. ఇంకా మీ ఇంటి చుట్టూ ఏముందో కావాలంటే నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ మ్యాపు ఉంది, ప్రతి ఎర్ర చుక్కా ఒక రికార్డు. మీ ఏరియా పేరు ఇక్కడ వేయండి, ఆ చుక్కలు ఏంటో నేను చెప్తా.

కొత్తగా_డబ్లిన్
స్వోర్డ్స్.

పలుగు_పార
మీ ఊళ్లోనే గుండ్రటి గోపురం ఉంది, పాత చర్చి పక్కన. కోట కూడా ఉంది, డబ్లిన్ ఆర్చిబిషప్‌లది. ముందు అక్కడికి నడిచి వెళ్లండి.